ఈ రాత్రికి మీటరు తిరగనీ

గ్రిమ్స్‌బీ చేపల కార్ఖానాలో
హాడక్ చేపలకి వెన్నుముల్లు తీసే వరసలో
పదకొండో నంబరు కత్తి గ్లెండాది.
ఇంటికెళ్లే బస్సులో ఆమె పక్క సీటు
అన్నిటికన్నా చివర్న నిండుతుంది.
ఎవరూ ఏమీ అనరు.
ఆమే కిటికీ కాస్త తెరుస్తుంది,
జనవరిలో కూడా.

నిమ్మచెక్కతో రుద్దింది, ఉప్పుతో రుద్దింది,
కాఫీ పొడి, టూత్‌పేస్టు,
ఎవరో చెప్పారని స్టీలు గరిటె.
ముప్పై ఏళ్ల వాసన
గోళ్ల మొదట్లో
అద్దె కట్టకుండా కాపురముంటోంది.

పోయిన క్రిస్మస్‌కి చీటీలు తీస్తే
గ్లెండా పేరు ఔష్రాకి వచ్చింది.
లిథువేనియా పిల్ల, పన్నెండో నంబరు.
పల్చటి కాగితం విప్పితే
సున్నుండకి నాలుగింతలున్న
ఊదారంగు ఉండ.
"తినేదా?" అంది గ్లెండా.
వరస వరసంతా నవ్వింది.
"బాత్ బాంబ్. నీళ్లలో వెయ్యి, నువ్వూ పడుకో,"
తనకొచ్చిన ఇంగ్లీషులో అంది ఔష్రా.

గ్లెండా కూడా నవ్వింది.
ఇంటికొచ్చాక నవ్వలేదు.
ఇన్ని వస్తువులుండగా ఇదే ఎందుకిచ్చింది?
మేజోళ్ల సొరుగులో వెనక్కి తోసేసింది.
పదకొండు నెలలు
ఆ ఇంట్లో మేజోళ్లు మాత్రం లవెండర్ పూశాయి.

ఇవాళ బస్సులో
రెండు సీట్ల ముందు ఔష్రా.
ఎవరూ చూడట్లేదనుకుని
తన చేతులు తనే ముక్కు దగ్గర పెట్టుకుంది.
తర్వాత కిటికీ కాస్త తెరిచింది.

ఓహో, అనుకుంది గ్లెండా.
ఆరుగురు అద్దెకుండే ఇల్లు ఆ పిల్లది.
ఒక్క షవరు. తలుపు మీద నిమిషాల పట్టిక.
మనుషులు తమకి కావలసినదాన్నే
కాగితం చుట్టి ఇతరులకిస్తారు కాబోలు.

బయట నార్త్ సీ గాలి
చెత్తడబ్బాల మూతల్ని వాయిస్తోంది.
గ్యాసు మీటరులో ఏడు పౌండ్లు,
శుక్రవారం దాకా అవే.
లెక్క వేసింది. మళ్లీ వేసింది.
ఇక లెక్కకి నీళ్లొదిలి
కుళాయి తిప్పింది.

ఉండని నీళ్లలోకి వెయ్యలేదు, దించింది.
అది ముందు కాసేపు ఆలోచించింది.
తర్వాత ఒక చప్పుడు
తెల్లారుజామున పెట్టెల్లో చేపల మీద
ఐసు పలుకులు గుమ్మరించినప్పటిదే.
ఆ చప్పుడుకి రోజూ భుజాలు బిగుసుకుంటాయి.
ఇవాళ అది వెచ్చగా ఉంది.

తన చుట్టూ తానే తిరుగుతూ
ఉండ కరిగింది, సగమైంది, బిళ్లయింది,
నురగలో మాటై పోయింది.
నీళ్లు ఊదా, అంచుల్లో గులాబీ,
మధ్యలో ఆమెకి పేరు తెలియని ఒక రంగు.

కౌన్సిల్ ఇంటి తొట్టి
మనిషిని వాయిదాల మీద ముంచుతుంది.
మోకాళ్లు ముంచితే భుజాలు తేలాయి,
భుజాలు ముంచితే మోకాళ్లు.
చివరికి మోకాళ్లకి నచ్చచెప్పుకుని
చెవుల దాకా జారింది.
నీటి లోపల
తన ఊపిరి తనకే వినపడింది,
పక్కింటి టీవీలా, దూరంగా, ఎవరిదో.
మెడ వెనక ఒక నరం
ఎవరూ అడగకుండానే
సరే అంది.

అంతే. ఇంకేం జరగలేదు.
నలభై నిమిషాలు
ఏమీ జరగకపోవడం జరిగింది.

వేళ్లు ముడతలు పడ్డాక వాసన చూసుకుంది.
లవెండర్. లవెండర్.
దాని వెనక, గుమ్మం దగ్గర తచ్చాడుతూ,
హాడక్.
ఉండనీలే అనుకుంది,
అద్దె ఇవ్వకపోయినా పాత మనిషి.

తొట్టి చుట్టూ ఊదా గీత మిగిలింది.
తుడవకుండా, తడిచేత్తోనే ఫోను తీసింది:

"గురువారం నా తొట్టి ఖాళీ.
మీటరు నేను చూసుకుంటాను.
ఉండ నువ్వు తెచ్చుకో.
గడియ లోపల్నుంచి పడుతుంది,
ఎవరూ తలుపు కొట్టరు."